పసుపు కార్డు మీద కుంకుమ

యూరప్ పాస్‌పోర్టు చేతికొచ్చిన మన తెలుగువాళ్ళలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది. ఆ మెరూన్ అట్ట చూపిస్తే ఏ దేశమైనా లోపలికి రానిస్తుందని. నాకూ ఉండేది. లండన్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి సంపాదించుకున్నాను కదా మరి. చమురు ధర ఆకాశాన్నంటిన ఆ రోజుల్లో మంచి జీతం వస్తుందని దోహాకు మారి, అల్ హిలాల్‌లో ఫ్లాట్ తీసుకుని ఉండేవాణ్ణి. పశ్చిమాఫ్రికాలోని ఘనాకు వెళ్ళాలనుకుంటున్నవాళ్ళు, "బ్రిటిష్ పాస్‌పోర్టుకు కూడా వీసా కావాలా?" అని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. కావాలి. వీసాతో పాటు ఇంకా చాలా కావాలి. వాటి కోసం నేను దోహాలో ఒక గురువారం ఎలా గడిపానో చెబితే, మీకు కనీసం నాకు పట్టిన గతి పట్టదు.

మా తమ్ముడు రఘు నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. కాకినాడ తీరంలో డ్రిల్లింగ్ పని నేర్చుకుని, ఘనా సముద్రంలో కొత్తగా చమురు పడిందని తెలిసి టకొరాడి అనే రేవు పట్టణానికి వెళ్ళాడు. మాకు అమ్మానాన్న లేరు. వాడికింకా పెళ్ళి కాలేదు. మంగళవారం మధ్యాహ్నం వాళ్ళ కంపెనీ నుంచి నాకు ఫోన్ వచ్చింది. మలేరియా మెదడుకు పాకిందనీ, ఆసుపత్రిలో ఉన్నాడనీ, కుటుంబం నుంచి ఎవరైనా ఒకరు వస్తే మంచిదనీ చెప్పారు. "వస్తే మంచిది" అన్న మాట ఎలాంటప్పుడు వాడతారో నాకు తెలుసు.

మామూలుగా అయితే ఘనా వీసాకు పాస్‌పోర్టును ఎంబసీకి పంపి రోజుల తరబడి కూర్చోవాలి. అత్యవసరం కాబట్టి రఘు కంపెనీవాళ్ళే అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసుతో మాట్లాడి, విమానాశ్రయంలో దిగాక వీసా ఇచ్చేలా అనుమతి పత్రం తెప్పించారు. అది బుధవారం సాయంత్రానికి ఫ్యాక్స్‌లో వచ్చింది. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, రెండు ఖాళీ పేజీలుండాలి, తిరుగు టికెట్ ఉండాలి. అవన్నీ ఉన్నాయి. ఆ రోజుల్లో ఖతర్ నుంచి బయటికి వెళ్ళాలంటే పనిచేసే కంపెనీ నుంచి ఎగ్జిట్ పర్మిట్ కూడా కావాలి. మీ పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే. ఆఫీసువాళ్ళు అదీ చేసిపెట్టారు. ఇక మిగిలింది ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు రంగు కార్డు. రెండేళ్ళ క్రితం నైజీరియా వెళ్ళాల్సి వచ్చి టీకా వేయించుకున్నాను. ఆ ప్రయాణం రద్దయింది గానీ కార్డు భద్రంగా ఉంది. గురువారం సాయంత్రం ఆరూ నలభైకి దుబాయ్ విమానం, మర్నాడు పొద్దున అక్కడినుంచి ఘనా రాజధాని అక్రాకు ఇంకో విమానం. అంతా సిద్ధమనే అనుకున్నాను.

గురువారం ఉదయం ఏడున్నరకు స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద కాగితాలు లేవు. మా అత్తగారు విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చి అప్పటికి నెల అయింది. వంటింటి అలమరలో ఒక అర ఖాళీ చేసి దేవుడి పటాలు పెట్టుకున్నారు. ఆవిడ నవ్వు మొహంతో ఎదురొచ్చి, "కాగితాలన్నీ స్వామి దగ్గర పెట్టేనండి అల్లుడుగారూ. అన్నిటికీ బొట్టు పెట్టేను. రఘుబాబుకి ఏం కాదండి, మీరు ధైర్యంగా వెళ్ళిరండి" అన్నారు.

కొత్త బండికీ కొత్త పుస్తకానికీ బొట్టు పెట్టే ఇంట్లోనే నేనూ పెరిగాను. కాబట్టి పాస్‌పోర్టు అట్ట మీద కుంకుమ చూసి ఏమీ అనుకోలేదు. కానీ పసుపు కార్డు మడత విప్పితే లోపల, క్లినిక్ ముద్ర అంచున, ఎర్రటి చుక్క ఉంది. తడి కుంకుమ. వెంటనే తడి టిష్యూ తీసుకుని తుడిచాను. చుక్క పోలేదు సరికదా, పక్కన ఇంకు పెన్నుతో రాసిన టీకా తేదీ కరిగిపోయింది. ఇంకోసారి తుడిచాను. రోజు పోయింది, నెల సగం పోయింది.

"ఎవరు పెట్టమన్నారండీ మిమ్మల్ని?" అని ఇల్లు అదిరేలా అరిచాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. మా ఆవిడ సునీత కార్డు అందుకుని చూసి, "బొట్టు ముద్ర పక్కన ఉందండీ. తేదీ తుడిచేసింది మీరు" అంది. ఆ మాట నిజమే. నిజం కావడం వల్ల ఇంకా కోపం వచ్చింది.

ఆ కార్డు కింద చిన్న అక్షరాల్లో, దిద్దినా చెరిపినా ఇది చెల్లకపోవచ్చని ఉంటుంది. ఎయిర్‌లైన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "తేదీ కనబడకపోతే ఎక్కించుకోలేం సార్. అక్కడ రానివ్వకపోతే మిమ్మల్ని వెనక్కి తీసుకురావాల్సింది మేమే." పోనీ ఇవాళే కొత్త టీకా వేయించుకుంటే? ఇక్కడ ఉంది అసలు మెలిక. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ కార్డు అమల్లోకి రాదు. ప్రపంచంలో ఎక్కడైనా ఇదే నియమం. పది రోజులు నాకు ఎవరిస్తారు? అక్కడ వాడికి ఎవరిస్తారు?

టీకా వేసింది మా కంపెనీ క్లినిక్. ఆ టీకా ముద్ర వేసే అనుమతి వాళ్ళకుండేది. తొమ్మిదింటికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. కౌంటర్లో ఉన్న మలయాళీ గుమాస్తా కార్డు చూసి, పాత రిజిస్టర్లన్నీ ఊరి బయట అల్ షహానియా దాటాక ఉన్న కార్మికుల క్యాంప్ క్లినిక్‌కు పంపేశామనీ, సంతకం పెట్టాల్సిన డాక్టరు కూడా అక్కడే ఉన్నాడనీ చెప్పాడు. "కానీ ఇవాళ గురువారం. ఒంటిగంటకు వెళ్ళిపోతాడు. మళ్ళీ ఆదివారమే." అక్కడికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

కంపెనీ పికప్ నడిపే గంగారాంది జగిత్యాల దగ్గర పల్లె. నన్ను అక్కడికి తీసుకెళ్తానన్నాడు గానీ, స్టాఫ్‌ను దింపే డ్యూటీ అయ్యేసరికి పదకొండుంపావు. నేను ఎక్కీ ఎక్కగానే గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను. అక్కడికి ముప్పావు గంట దారి. అతను, "మీరు గట్ల గడియారం జూస్తె బండి ఉరుకుతదా సార్? జర నిమ్మళంగ కూసోండ్రి. నేనున్న గద" అన్నాడు. తర్వాత తనే నవ్వి, "మీది తెల్లోల్ల పాస్‌పోర్టు గద సార్. మీక్కూడ ఇన్ని తిప్పలా?" అని అడిగాడు. నాకు నవ్వు రాలేదు.

అల్ షహానియా ఒంటెల పరుగు పందేల మైదానం దగ్గర బండి ఆగిపోయింది. వీపుల మీద గుడ్డలు కప్పిన ఒంటెలు, ఒక ముప్పై ఉంటాయేమో, వరసగా రోడ్డు దాటుతున్నాయి. వాటిని నడిపించే మనిషి మా వైపైనా చూడలేదు. హారన్ కొట్టమన్నాను. గంగారాం కొట్టలేదు. "బెదిరితె అన్ని రోడ్డు మీదనే నిలవడ్తయి సార్" అన్నాడు. ఒంటెలు పోతుండగా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని మెల్లగా చెప్పాడు. "మా నాయిన సచ్చిపోయినప్పుడు నాకు ఎగ్జిట్ కాగితం దొరకనీకె నాలుగు దినాలు వట్టింది సార్. మా ఊర్ల గల్ఫంత దుబాయే గద. ఇంటికాడ మా ఆడోల్లు దుబాయ్ నుంచి వస్తుండు, వస్తుండు అని ఐసు పెట్టి ఉంచిన్రు. నేను పోయేటాల్లకు కాలవెట్టిన్రు." చివరి ఒంటె దాటగానే, "యల్లా" అని తనకు తనే అనుకుని బండి ఉరికించాడు. నేను మళ్ళీ గడియారం చూసుకోలేదు.

పన్నెండుంపావుకు క్యాంప్ చేరాం. వరసగా రేకుల గదులు, చివర క్లినిక్. లోపల డాక్టరు, పొడుగాటి సూడాన్ మనిషి, ఒక నేపాలీ కార్మికుడి చేతికి కుట్లు వేస్తున్నాడు. ఇనుప పలక పడి అరచెయ్యి చీలిపోయింది. గుమ్మంలోంచే నా కార్డు చూపించి, తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడనీ, సాయంత్రం విమానమనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. డాక్టరు తలెత్తకుండా, "సబర్, ఓపిక పట్టు. ముందు ఈ చెయ్యి" అన్నాడు. ఆ కార్మికుడు మాత్రం నా మొహం చూసి, బాగున్న రెండో చేత్తో సైగ చేస్తూ, "పహ్లే సాబ్ కా కరో" అన్నాడు. రక్తం కారుతున్న మనిషి నాకు దారి ఇస్తున్నాడు. సిగ్గుతో తల దించుకుని, వద్దని చెప్పి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ అరగంట నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనది.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా డాక్టరు చేతులు కడుక్కుని వచ్చాడు. కార్డును వెలుతురుకు పట్టి చూశాడు. "రిజిస్టర్లో నీ పేరుంటే పాత తేదీతో కొత్త కార్డు రాస్తాను. లేకపోతే రాయను. నీ తమ్ముడి కోసమైనా సరే" అన్నాడు. ఆ ఏడాది రిజిస్టర్లు మూడు. మొదటిదాంట్లో లేదు. రెండోదాంట్లో సగం తిప్పేసరికి అరచేతులు చెమటతో తడిసి, పేజీలను ముట్టుకోవడానికే భయమేసి గంగారాంకు ఇచ్చాను. అతనికి ఇంగ్లిష్ రాదు. నా పాస్‌పోర్టులోని అక్షరాలను పక్కన పెట్టుకుని ఒక్కో గీతా పోల్చుకుంటూ పోయాడు. మూడో రిజిస్టరు చివర్లో అతని వేలు ఆగింది. "గిదేనా సార్?"

అదే. పేరు, తేదీ, టీకా బ్యాచ్ నంబరు, నా సంతకం. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

రాస్తూ రాస్తూ డాక్టరు, అసలు ఎలా పాడైందని అడిగాడు. నీళ్ళు పడ్డాయని చెబుదామనుకున్నాను. కానీ ఆ మనిషి ముందు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అత్తగారు దేవుడి బొట్టు పెట్టారనీ, నేనే తుడిచి చెడగొట్టాననీ చెప్పాను. అతను మొదటిసారి నవ్వాడు. "నేను చదువుకోవడానికి ఖార్టూమ్ వెళ్ళేటప్పుడు మా అమ్మ నా కాగితాల మీద దువా చదివి ఊదేది. ఆ తుంపర్లు నేను ఎప్పుడూ తుడవలేదు" అన్నాడు. ముద్ర వేసి కార్డు ఇచ్చాడు. రుసుము ఏమీ తీసుకోలేదు. బండెక్కాక గంగారాం నా వైపు అనుమానంగా చూసి, "ఇగ దాన్ని ఏం జెయ్యకుండ్రి సార్. ఊకె పట్టుకోని కూసోండ్రి, గంతే" అన్నాడు.

మూడింటికి ఇల్లు చేరాను. అత్తగారు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని సునీత చెప్పింది. వంటింట్లోకి వెళ్ళి, "నోరు జారానండీ, తప్పు నాదే" అన్నాను. "ఆ మాటలకేంటండి, కార్డొచ్చిందా లేదా?" అన్నారు. వచ్చిందన్నాక ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని నాకు అన్నం వడ్డించారు. అల్ హిలాల్ నుంచి పాత విమానాశ్రయం పది నిమిషాలు. నాలుగున్నరకు కౌంటర్ దగ్గరున్నాను. అక్కడి అమ్మాయి ముందు అనుమతి పత్రం, తర్వాత కార్డు అడిగింది. తేదీ మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం అక్రాలో దిగగానే, ఇమ్మిగ్రేషన్ కంటే ముందే, ఆరోగ్య శాఖ బల్ల ఉంది. తెల్ల కోటు వేసుకున్న ఆవిడ కార్డు విప్పి రెండు క్షణాలు చూసి, "స్వాగతం" అని తిరిగిచ్చింది. నా వెనకాల ఉన్న జర్మన్ జంట కార్డులు దారిలో ఎక్కడో పోగొట్టుకున్నారట. వాళ్ళను పక్కకు కూర్చోబెట్టారు. వీసా కౌంటర్లో అనుమతి పత్రం, నూట యాభై డాలర్లు తీసుకుని నలభై నిమిషాల్లో పాస్‌పోర్టుకు వీసా అంటించారు. డాలర్లు నగదుగా ఉండాలి, క్రెడిట్ కార్డులు తీసుకోలేదు. బయట రఘు కంపెనీ డ్రైవరు నా పేరున్న అట్ట పట్టుకుని నిలబడ్డాడు. టకొరాడికి సముద్రం పక్కనే దారి, అయిదు గంటలు పట్టింది. సగం దారిలో అతను ఇంగ్లిష్‌లో అడిగాడు. "సార్, అన్నయ్య అంటే ఏమిటి? రెండు రోజులుగా మీ తమ్ముడు ఆ ఒక్క మాటే అంటున్నాడు." నేనే అని చెప్పాను.

ఆసుపత్రిలో రఘు సగానికి సగం అయిపోయి ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే కళ్ళు తెరిచి చాలాసేపు చూశాడు. "అన్నయ్యా, ఎలా వచ్చావ్? వీసా ఇచ్చారా?" అన్నాడు. ఇచ్చార్రా అన్నాను. మర్నాడు కూర్చున్నాడు. ఆదివారం నా చేత్తో ఇంత జావ తాగాడు, చిన్నప్పుడు నేను వాడి సైకిల్ అమ్మేసిన సంగతి ఎత్తి నన్ను తిట్టాడు. బాగుపడతాడనే అనుకున్నాం, డాక్టర్లు కూడా. మంగళవారం నుంచి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. గురువారం తెల్లవారుతుండగా నా చేతిలో చెయ్యి ఉండగానే వెళ్ళిపోయాడు.

వాడిని కాకినాడ తీసుకెళ్ళేటప్పుడు ముంబయి విమానాశ్రయంలో కూడా ముందు ఆ కార్డే అడిగారు. అటువైపు నుంచి కార్డు లేకుండా వస్తే ఇండియాలో ఆరు రోజులు విడిగా ఉంచుతారు. ఇది కూడా గుర్తుంచుకోండి. ఇన్నేళ్ళయినా నేను లెక్క వేసుకుంటూనే ఉంటాను. ఆ గురువారం కొత్త టీకా వేయించుకుని ఉంటే, నేను అక్రాలో అడుగుపెట్టేసరికి వాడు పోయి మూడు రోజులై ఉండేది. నేను వాణ్ణి బతికించుకోలేకపోయాను. కానీ వాడు పిలిచినప్పుడు పక్కన ఉన్నాను. నాకు దక్కినవి ఆరు రోజులు.

అందుకే ఒక్క సలహా. మీవాళ్ళెవరైనా ఆఫ్రికాలో పనిచేస్తుంటే, మీకు ప్రయాణం ఆలోచన లేకపోయినా సరే, ఈ వారమే వెళ్ళి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. అప్పట్లో ఆ కార్డు పదేళ్ళే చెల్లేది, ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. వీసాను అత్యవసరమని బతిమాలి ఒక్క రోజులో తెచ్చుకోవచ్చు. ఆ పది రోజులు తగ్గించమని మాత్రం ఎవరినీ బతిమాలలేం.