బాత్రూమ్ తాళంచెవి

ఆరో తరగతిలో బడి మానేసి, నారాయణఖేడ్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాను. అక్కడి బాత్రూమ్‌కు యజమాని తాళం వేసుకునేవాడు. అందుకని నీళ్లు తాగకుండా, వచ్చినా ఆపుకుంటూ ఏళ్లు గడిపాను. మలబద్ధకం ముదిరింది. నిరుడు పేగులో ఏర్పడ్డ చిన్న చిన్న సంచులు వాచి దవాఖానలో పడ్డాను. వాపు తగ్గాక జొన్నరొట్టె, ఆకుకూరలు తినమని, నీళ్లు బాగా తాగమని, ఇక ఆపుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మళ్లీ పనిలోకి వెళ్లిన రోజే తాళంచెవి అడిగితే, యజమాని "గిరాకీ ఉన్నది, జర ఆగు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లిచీరలు చూస్తున్న ఆడవాళ్ల ముందే అరిచాను.

"సేటూ, నా పేగు నీ గల్లాపెట్టె కాదు, తాళమేసి పెట్టనీకి! చాబీ ఇస్తవా, గీ పట్టుచీరల మీదనే కూసోవాల్నా?"

ఒక ముసలమ్మ చేతిలోని చీర కింద పెట్టేసింది. "ముందుగాల ఆ పిల్లకు చాబీ ఇయ్యి. మా బేరం తర్వాత."

అతను తాళంచెవి విసిరేశాడు. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది, అయినా వంగి తీసుకున్నాను. ఇప్పటికీ అది నా కొంగుకే ఉంది. తిరిగి ఇమ్మని అతను అడగలేదు. అడిగితే ఏమంటానో అతనికి తెలుసు.