మామత్ నాణేల పెద్దాయన, అలుగు గోరు

వరంగల్‌లో మాది చిన్న వెండి దుకాణం. రిటైరైన కాంట్రాక్టర్ ఒకాయన విదేశాల నుంచి వెండి నాణేలు తెప్పించుకుని, అసలువో నకిలీవో చూడమని నా దగ్గరికి తెచ్చేవాడు. అన్నీ అంతరించిపోయిన జంతువుల బొమ్మలవే. మొదటిసారి తెచ్చినదాని మీద మామత్ ఉంది. ఏనుగులాంటిదే, ఒళ్లంతా బొచ్చు. ఒక్కో వెంట్రుకా విడిగా కనపడేలా అచ్చు వేశారు. చిన్నప్పటి నుంచీ వెండి మధ్య బతికిన నాకే ముచ్చటేసింది.

నా చేతులకు గుడ్డ తొడుగులు వేయించాకే నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలోంచి తీయనిచ్చేవాడు.

"జర పైలం తమ్మీ. గీ జీవి ఇప్పుడు భూమ్మీద ఒక్కటి గూడ లేదు" అనేవాడు. ఆ గొంతులో బాధ నిజమేననుకున్నాను.

మొన్నటి ఎండాకాలంలో హసన్‌పర్తిలోని వాళ్లింటికి రమ్మన్నాడు. నీలం మఖమల్ గుడ్డ మీద పేర్చిన నాణేలు చూపించాక, ఫ్రిజ్‌లోంచి ఒక కవరు తెచ్చి నా ముందు విప్పాడు. కుళ్లిన మాంసం వాసన గుప్పుమంది. నాలుగు గోళ్లు. మొదళ్లకు నల్లబడిన కండ ఇంకా అంటుకునే ఉంది.

"అలుగువి. ఒళ్లంత పొలుసులుంటయి సూడు, అది. ఏటూరునాగారం దిక్కు అడవిల దొరికింది. ఒకదానికి వెండి కట్టియ్యి, మనుమని మెడల ఏస్త. దిష్టి తగలదంట."

"గిది పాపం గాదా అన్నా? కేసు గూడ అయితది."

"ఎవలు జెప్తరు? అడవిల ఇంకెన్ని లేవు!"

ఆయన భార్య ఆ కవరు పక్కనే చాయ్ పెట్టింది. గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టేశాను. నాతో కాదని చెప్పి లేచి వచ్చేశాను. గోళ్లను ముట్టుకోనేలేదు, అయినా ఇంటికొచ్చి ఎన్నిసార్లు సబ్బు రుద్దినా చేతులు కంపు కొడుతున్నట్టే ఉంది.

"అడవి ఆఫీసోళ్లకు ఫోన్ చెయ్యరాదు?" అంది నా భార్య.

"మనకెందుకు, పాత గిరాకి" అన్నాను.

నెల తర్వాత ఒక పెళ్లిలో ఆయన మనుమడు కనపడ్డాడు. మెడలో అలుగు గోరు; వేరే ఎవరో వెండి కట్టిచ్చారు. పళ్లు వస్తున్న ఆ పసివాడు గోరును నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు, చొల్లు మెడ మీదికి కారుతోంది. వెళ్లి నోట్లోంచి లాగేశాను.

"ఏం గాదు తమ్మీ, మంచి వెండే" అని నవ్వాడు పెద్దాయన.

అన్నం ముట్టకుండా బయటికొచ్చి, మండపం మెట్ల మీదే నిలబడి అటవీ శాఖకు ఫోన్ చేశాను. వాళ్లు వెళ్లి గోళ్లు పట్టుకుని కేసు రాశారు. ఆయన మళ్లీ మా దుకాణం వైపు రాలేదు. నెలరోజులు నోరు మూసుకున్నందుకు మాత్రం నా మీద నాకే ఇప్పటికీ రోత.