చీర మీద వంకాయ

2023వ సంవత్సరం ఎండాకాలం. ఎమ్మిగనూరు బస్టాండు ఎదురుగా, జిరాక్స్ షాపుకూ బజ్జీల బండికీ నడుమ ఉన్న ఒకే ఒక్క గది నా కొరియర్ ఆఫీసు. బోర్డు మాత్రమే కంపెనీది. బాడుగ, కరెంటు బిల్లు, జనం తిట్లు నావి. పొద్దున వ్యానులో వచ్చిన పార్సిళ్లు దించుకుని, స్కాన్ చేసి, నేనే బండి మీద ఊరంతా పంచుతాను. సాయంత్రం ఊళ్లోవాళ్లు తెచ్చినవి బుక్ చేసుకుంటాను. అందరూ నన్ను కొరియర్ బాషా అంటారు.

మా పనిలో ఒక సంగతి ముందే చెప్పాలి. సి.ఓ.డి. అంటే క్యాష్ ఆన్ డెలివరీ, సరుకు గుమ్మం దాకా వచ్చాక డబ్బు కట్టడం. వినడానికి శానా భద్రంగా ఉంటుంది. కానీ డబ్బు చేతిలో పడేదాకా పార్సిల్ విప్పనివ్వకూడదని మా కంపెనీ రూలు. దుడ్లు ముందు, కత్తెర తర్వాత. లోపల చీర ఉందో చింకిపాత ఉందో నాకూ తెలియదు. చింకిపాత వస్తే మాత్రం, పంపినవాడు ఎక్కడో చల్లగా ఉంటాడు, ఎండలో ఎదురుగా నిలబడి తిట్లు తినేది నేను.

నా దగ్గర పార్సిళ్లు బుక్ చేసేవాళ్లలో పద్మక్క ఒకరు. మూడు సందుల అవతల వాళ్ల ఇల్లు. ఇంట్లో రెండు గుంత మగ్గాలు, ఒకదాని మీద ఆమె, ఒకదాని మీద ఆమె భర్త రంగయ్య. పెళ్లయిన నాటి నుంచి షావుకారు నూలిచ్చి, కూలిచ్చి, చీర పట్టుకుపోయేవాడు. తాను నేసిన చీర ఎవరు కట్టుకున్నారో ఆమెకు తెలిసేది కాదు. కరోనా తర్వాత షావుకారు నూలు ఇవ్వడం మానేస్తే, ఆమె ఫోను పట్టుకుంది. మగ్గం ముందు కూర్చుని వీడియో తీసి, "తిరగేసి సూడు తల్లీ, ఎనక పక్క గూడా ఇంతే సక్కగుంటాది" అంటూ చీర వెనక వైపు చూపించేది. కర్నూలు, కడప, వేంపల్లె, ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్లు అడిగి తెప్పించుకునేవారు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి అంత ధైర్యంగా తన వ్యాపారం తాను నిలబెట్టుకోవడం చూస్తే నాకు ముచ్చటేసేది. ఆమె కట్టిన పార్సిల్ మా వ్యాను కింద పడ్డా నలిగేది కాదు, అంత గట్టి కట్టు.

ఆ ఎండాకాలం ఆమె వీడియోను ఎవడో ఎత్తుకుపోయాడు.

ఫోన్లో ఏది చూస్తున్నా నడుమ ప్రకటనగా వచ్చేది. పద్మక్క మొహమే, పద్మక్క మగ్గమే. కింద రాత మాత్రం వేరే: "మగ్గం మూసేస్తున్నాం, ఉన్న చీరలు సగం ధరకే, ఈ రోజే ఆఖరు." ఆ ఆఖరు రోజు నెలంతా నడిచింది. మా వైపు ఆర్డరు పెట్టినవాళ్లకు నా చేతుల మీదుగానే పార్సిళ్లు వచ్చాయి. విప్పితే దోమతెరకు రంగు వేసినట్టున్న పాలిస్టర్ గుడ్డ.

ఇక్కడ మా ఊరివాళ్లు చేసిన పొరపాటు మా ఊరివాళ్లే చేయగలరు. బయటివాళ్లు మోసపోయారంటే అర్థముంది. మా వీధులవాళ్లు కూడా ఆర్డరు పెట్టారు. ఎందుకంటే మొహం పద్మక్కది, పార్సిల్ తెచ్చేది బాషా. ఇద్దరూ తెలిసినవాళ్లే, ఇంక భయమేముంది? మూడు సందుల అవతల నేసిన చీర, మూడు రాష్ట్రాల అవతలి గోడౌన్ నుంచి ఎందుకు వస్తోందని ఒక్కరూ అడగలేదు. పంపినవాడి ఊరు పార్సిల్ మీద అచ్చు వేసే ఉంటుంది. చదివే ఓపిక ఎవరికుంది? నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

పద్మక్కతో పాటు నేనూ వెళ్లి సైబర్ క్రైమ్ వాళ్లకు ఫిర్యాదు పెట్టించాను. ఆ ప్రకటన పోయింది. నాలుగు రోజులకు ఇంకో పేరుతో మళ్లీ లేచింది. ఈలోగా సి.ఓ.డి. మీద ఆమె పంపిన నిజమైన చీరలు తిరిగి రావడం మొదలైంది. మా భాషలో దాన్ని ఆర్.టి.ఓ. అంటాం. రవాణా ఆఫీసు కాదు, తీసుకోవడానికి ఇష్టపడక జనం వెనక్కి పంపేసిన పార్సిల్. "ఆ మగ్గమామె మోసగత్తె" అన్న మాట చీరల కంటే ముందే ఊళ్లు చేరింది. నూలు ధరలతోనే అల్లాడుతున్న ఇంటికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇంకో నెల ఇలాగే నడిస్తే మగ్గాలు దించేసి, మళ్లీ ఏ షావుకారు వాకిట్లోనో కూలికి నిలబడాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక సాయంత్రం ఆమె ఆ తిరుగు పార్సిళ్లు తీసుకోవడానికి వచ్చింది. సరిగ్గా అప్పుడే భారతి టీచరమ్మ ఒక కవరు పట్టుకుని లోపలికొచ్చింది. మా ఊరి ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో ఆ దోమతెర చీర.

"ఏమప్పా బాషా, ఇదేం పని? మన ఊరామె గదా అని తీసుకుంటే ఇట్లాంటిది అంటగడతారా?" అంది. అప్పుడు పక్కన నిలబడ్డ పద్మక్కను చూసింది. "ఓహో, ఈమేనా? నీ మొగం సూసే తీసుకున్నా గదమ్మా!"

ఇంకెవరైనా అయితే ఏడ్చేవాళ్లు, లేదా ఎదురు తిట్టేవాళ్లు. పద్మక్క ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని, తిరగేసి చూసి, అంచు నుంచి ఒక పోగు లాగింది. బజ్జీల బండాయన దగ్గర అగ్గిపెట్టె తీసుకుని దాన్ని కాల్చింది. పోగు ముడుచుకుని నల్లటి ఉండ కట్టింది, ప్లాస్టిక్ కంపు. తర్వాత తన పార్సిల్ ఒకటి విప్పి, దాని నూలు పోగు కాల్చింది. కాగితం కాలిన వాసన, వేలితో నలిపితే బూడిద.

"ఇది నాది, అది నాది గాదు టీచరమ్మా," అంది. "నా మొగాన్ని దొంగలించినారు."

టీచరమ్మ కోపం సగం దిగింది. కానీ ఆమె లెక్కల మనిషి, ఊరికే వదలదు. "సరేనమ్మా, నమ్మినా. కానీ పోగు కాల్సేది చీర ఇంటికొచ్చినాక గదా, దుడ్లు కట్టినాక. ఫోన్లో రెండు వీడియోల్లోనూ నీ మొగమే ఉండాది. ఏది నువ్వో, ఏది దొంగోడో మేమెట్ల కనుక్కోవల్ల?"

అప్పుడే ఆదోని బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. మా వైపు సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు, ఒకాయన చెప్పులు కూడా లోపలికి వెళ్లాయి. సీటు మీద తువ్వాల పడిందంటే ఆ సీటు ఆయనది. దాని మీద కూర్చుంటే యుద్ధమే. లోపల అప్పటికే ఒకటి మొదలైంది: "తువ్వాల ఏసినాం కనపడల్యా?"

పద్మక్క ఆ గొడవనే చూస్తూ ఉంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "బాషన్నా, సీటు ల్యాకుంటే తువ్వాల యాడ నిలుస్తాది?" అంది.

నాకు అర్థం కాలేదు. ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. ఆమె టీచరమ్మ సంచిలోకి తొంగి చూసింది. "టీచరమ్మా, ఆ వీడియోవాన్ని అడుగు. చీర మీద ఒక వంకాయ పెట్టి ఫోటో పంపియ్యమను."

"వంకాయా?"

"నీ ఇష్టం, నిమ్మకాయనన్నా అడుగు. వాని కాడ నా వీడియో ఉండాది గానీ నా చీర ల్యాదు గదా. ల్యాని చీర మీద వంకాయ యాడ పెడతాడు?"

టీచరమ్మ అక్కడే నా బల్ల మీద కూర్చుని, ఆ ప్రకటనలో ఇచ్చిన నంబరుకు మెసేజ్ పెట్టింది. వెంటనే జవాబు వచ్చింది: ఆఫర్ ఈ రోజే ఆఖరు, త్వరగా ఆర్డర్ చేయండి. ఈమె మళ్లీ వంకాయ అంది. ఈసారి చీరల ఫోటోలు అరడజను వచ్చాయి, ఒక్కదాని మీదా వంకాయ లేదు. మూడోసారి అడిగేసరికి వాడు ఈమె నంబరును బ్లాక్ చేసేశాడు. బజ్జీల బండాయన పడిపడి నవ్వాడు.

పద్మక్క ఇంటికి ఫోన్ చేసి భర్తకు చెప్పింది. కాసేపటికి ఫోటో వచ్చింది. మగ్గం మీద ఆవపువ్వు రంగు చీర, దాని మీద నిగనిగలాడే వంకాయ, ఒక మూల రంగయ్య బొటనవేలు. వెనకే ఆయన గొంతు మెసేజ్: "కూరకి తరగబోతాంటే ఆపితిరి. ఇంగ పొయ్యిలో ఏసేదా వద్దా?"

టీచరమ్మ ఆ చీర అక్కడికక్కడే కొనేసింది. మర్నాడు బడి స్టాఫ్ రూములో కథంతా చెప్పిందట. ఆమె చెప్తే ఊరు చెప్పినట్టే. పద్మక్క కూడా కొత్త వీడియో తీసింది: "నన్ను నమ్మొద్దు తల్లీ. ఏదన్నా అడుగు, చీర మీద పెట్టి సూపిస్తా." నాకు తెలిసి "నన్ను నమ్మొద్దు" అని చెప్పి సరుకు అమ్మినది ఆమె ఒక్కతే.

ఇక చూడండి తమాషా. వేంపల్లె నుంచి ఒకామె గుప్పెడు శనక్కాయలు పెట్టమంది. కర్నూలు డాక్టరమ్మ కళ్లజోడు అడిగింది. కడప నుంచి ఒకామె కారం దోసె పెట్టి చూపించమంటే, "నూనె మరక పడితే ఆ చీర నువ్వే కొనల్ల, సరేనా?" అని పద్మక్క నవ్వుతూ అడిగింది. దొంగ ప్రకటనలు ఆగలేదు, కానీ ఆమె చీరలు తిరిగి రావడం ఆగింది. మరుసటి ఏడాది ఉగాదికి రెండు మగ్గాలూ ఆడుతూనే ఉన్నాయి.

మా ఊళ్లో ఇప్పుడిది మాటగా స్థిరపడింది. మిక్సీ ప్రకటన వచ్చినా, బూట్ల ప్రకటన వచ్చినా "తువ్వాల ఏసినావా?" అని అడుగుతారు, అంటే సరుకు నిజంగా వాడి దగ్గర ఉందో లేదో అడిగి చూశావా అని. నేనూ పార్సిల్ ఇచ్చేముందు అదే అడుగుతాను. పంపిన ఊరు పేరు గట్టిగా చదివి వినిపిస్తాను. అనుమానముంటే డబ్బు కట్టక ముందే వద్దనండి, ఆ హక్కు మీది అంటాను. తిరుగు పార్సిల్ అయితే నాకు కమీషన్ రాదు. రాకపోతే పోయె, తిట్లు తగ్గాయి.

నిరుడు భారతి టీచరమ్మ రిటైరయింది. వీడ్కోలు సభకు కట్టుకోవడానికి పద్మక్క చీరే కావాలని ఫోన్ చేసింది. అప్పుడామె సెలవు మీద కడపలో కూతురి ఇంట్లో ఉంది. రంగు చెప్పింది, డబ్బు ముందే పంపేసింది, ఫోటో మాత్రం అడగలేదు. చీర పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చిన పద్మక్క, కవరు అంటించబోయే ముందు కొంగులోంచి వంకాయ తీసి చీర మీద పెట్టి ఫోటో కొట్టింది.

"టీచరమ్మ అడగల్యా గదక్కా?" అన్నాను.

"అడిగినోళ్లకి సూపిస్తే యాపారం అన్నా," అంది ఫోటో పంపుతూ. "అడక్కుండా నమ్మినోళ్లకే గదా ముందు సూపించల్ల."

ఇన్నేళ్లుగా ఎన్ని పార్సిళ్లు మోశానో లెక్కలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగితే విసుక్కునేవాడి దగ్గర ఏమీ కొనకూడదని నాకు నేర్పింది ఈ కేసే. కానీ అడగకుండానే చూపించే మనిషి ఒకరు మా ఊళ్లో ఉన్నారని తెలిసిన రోజు, నా పని మీద నాకు గౌరవం పెరిగింది. ఆ కవరు నేనే అంటించాను, రెండు వరసలు టేపు వేసి. వంకాయ నా బల్ల మీదే మరిచిపోయి వెళ్లింది పద్మక్క. దాన్ని ఇంటికి తీసుకెళ్లాను.