ఆది జాకెట్టు

మా అత్త నన్ను పేరు పెట్టి పిలిచింది నా పెండ్లినాడు ఒక్కపారే. అదిగూడ అయ్యగారు అడిగితే. తెల్లారి నేను చీర రంగుకు కలిసేటట్టు గాజులు ఏరుకుంట కూసుంటే చూసి, "సోకులది దొరికిందిరా మనకు" అన్నది. ఇరవై రెండేండ్లాయె, ఆ మాటే నాకు పేరైపోయింది. "ఓ సోకులదానా, పాలు పొంగుతున్నయ్ సూడు." "మా సోకులది బజారుకు పోయింది." సోకు అంటే ముస్తాబే గానీ, ఆమె నోట్ల వింటే నాకేదో దయ్యం సోకినట్టే ఉంటది.

నిజం చెప్పాలంటే సోకే. దాచుడెందుకు? పెన్‌పహాడ్ దిక్కు మా తల్లిగారి ఊర్ల నాట్లకు పోయేటప్పుడు గూడ పైట అంచుకు రంగు దారం కుట్టుకొని పోయేదాన్ని. "బురదల ఎవరు సూస్తరే?" అని మా అమ్మ నవ్వేది. "నేను చూసుకుంట" అనేదాన్ని. ఆ పిచ్చే ఇయ్యాల నాకు బువ్వ పెడుతున్నది. సూర్యాపేటల మా ఇంటి ముందర గదిలనే లేడీస్ టైలరింగ్ నడుపుత. రెండు మిషిన్లు, ఒక మగ్గం. మగ్గం మీద బట్టను బిగ్గట్టి, జరీ, పూసలు, కుందన్లు ఒక్కొక్కటే సూదితోని ఎక్కించుడే నా పని. ఒక్క చెయ్యి పూర్తయ్యేసరికి నడుము ఇరుగుతది. అయినా పూర్తయినంక దాన్ని వెలుగుకు పట్టి చూసుకుంటే, అబ్బా, ఆ కడుపునిండుడే వేరు.

కాకపోతే నాకొక మంట ఉండె. నా దగ్గర కుట్టించుకున్నోళ్లు ఎవ్వరూ నా దగ్గర కుట్టించుకున్నమని చెప్పరు. పెండ్లిల ఎవరన్న "జాకెట్టు మస్తుంది, యాడ కుట్టించినవ్?" అంటే చాలు, "హైదరాబాద్‌ల" అని ఠక్కున వస్తది. సూర్యాపేట గల్లీల కుట్టించిన అంటే ఇజ్జత్ పోతదట! ఇగ మా అత్త సంగతి చెప్పనే వద్దు. ఇంట్ల కోడలు రెండు మిషిన్లు పెట్టుకొని కూసుంటే, ఆమె మాత్రం తన జాకెట్టు గుడ్డ సంచిల పెట్టుకొని మార్కెట్ కాడి ముసలి టైలర్ దగ్గరికి పోతది. "నీ సోకుల కుట్లు నాకెందుకే" అంటది.

పోయిన శ్రావణంల ఒక బట్టల షాపోళ్లు కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట మూడు ఊర్లల ఒకటే వారంల ఫ్యాషన్ షోలు పెట్టిన్రు. ఆదివారం కోదాడ, బుధవారం మిర్యాలగూడ, శనివారం మా ఊర్ల ఆఖరిది. అవి నడిపిచ్చే మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. జాకెట్లన్నీ నన్ను కుట్టమన్నది. నేను ఒకటే అడిగిన: "మేడం, మైకుల నా పేరు చెప్పియ్యాలె. ఊరు పేరు గూడ. ఇంకేం వద్దు నాకు." "అయ్యో, అదెంత పని అక్కా, తప్పకుండా" అన్నది.

ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్తే మా అత్త బియ్యం ఏరుడు ఆపింది. "ర్యాంపు మీద నడుస్తరా? లారీలు కడిగే ర్యాంపా? పట్టు చీరలు కట్టుకొని గాడేం పనే ఆడోళ్లకు?" నవ్వలేక సచ్చిన. ఆమె తప్పేం లేదు, మా దిక్కు ర్యాంపు అంటే అదే మరి. అది గాదు అత్తా, పొడుగ్గ చెక్కల బల్ల లెక్క ఉంటది, దాని మీద నడుచుకుంట చీర చూపిస్తరు అని చెప్పిన. "నడిస్తే సూసేదేముంది? రోజు నడుస్తనే ఉన్నం గదా" అని మళ్లా బియ్యం ముందలేసుకున్నది.

ఆదివారం చిలకపచ్చ చీర కట్టుకొని కోదాడ బస్సెక్కిన. అబద్ధమెందుకు, ఆ షో చూస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. కాలేజీ పిల్లలు వరుసగ వస్తుంటే, నెమలికంఠం పట్టు మీద నేను కుట్టిన తామరపూలు లైట్ల కింద తళతళ మెరిసినయ్. ఇంట్ల ట్యూబులైటు కింద కుట్టినప్పుడు గిట్ల ఉంటయని నాకే తెల్వదు. చేతులు నొప్పి పుట్టేదాక చప్పట్లు కొట్టిన. ఇగ చెప్తరు, ఇగ చెప్తరని చెవులు రిక్కించుకొని కూసున్న. యాంకరమ్మ మైకు పట్టుకొని, "ఈ బ్లౌజులన్నీ మా హైదరాబాద్ డిజైనర్ల స్పెషల్ అండీ!" అన్నది.

నా నెత్తురు సలసల మరిగింది. మేడంను పట్టుకొని అడిగితే, "అయ్యో అక్కా, యాంకర్ చీటీల రాయడం మర్చిపోయిన. మిర్యాలగూడల పక్కా" అన్నది. షో అయినంక పార్టీ. చికెన్ పకోడీలు, జీరా రైస్, ఖుబానీ మీఠా. అలిగి వచ్చేద్దామనుకున్న గానీ, తిండి మీద అలిగితే మనకే నష్టం. మీఠా రెండు గిన్నెలు లాగిచ్చిన. కోపం తగ్గలేదు, మీఠా మాత్రం మస్తుండె.

బుధవారం మిర్యాలగూడల రెండు పనులు. పొద్దుగాల, రైస్‌మిల్లోళ్ల ఇంట్ల పెండ్లిపిల్లకు హల్దీ. ఆ ఇంటామె నాకు పాత గిరాకీ, నోరారా పిలిచింది. పసుపు రంగు పందిరి, బంతిపూలు, డీజే, ఒక పక్కన వేడివేడి మిర్చి బజ్జీలు. ఆమె నేను కుట్టిన ఆవపువ్వు రంగు జాకెట్టే వేసుకున్నది. వీపు మీద రెండు చిలకలు. నేను బజ్జీల ప్లేటు పట్టుకొని ఆమె వెనకాలనే ఉన్న. ఎవరో చుట్టపామె వచ్చి ఆ చిలకలను ముట్టి చూసి, "యాడ కుట్టించినవ్ వదినా?" అన్నది.

"హైదరాబాద్‌ల" అన్నది మిల్లామె. అంటూనే ఇటు తిరిగింది, నన్ను చూసింది. ముఖం తెల్లబోయింది.

నేను బజ్జీ కొరికి నిమ్మళంగ అన్న: "అవునమ్మా, హైదరాబాదే. హైదరాబాద్‌ల మా గల్లీ." చుట్టపామెకేం సమజ్ కాలేదు. మిల్లామె మాత్రం పోయేటప్పుడు నా ప్లేట్ల తన చేతితోని రెండు బొబ్బట్లు వేసింది, నోరు మూయిద్దామని. బొబ్బట్లు తిన్న. నోరు మాత్రం మూసుకోవద్దని అప్పుడే అనుకున్న.

సాయంత్రం షోల ఇంకా ఘోరం. ఆఖరికి యాంకరమ్మ "మన డిజైనర్ గారు!" అని పిలిస్తే, మేడం స్టేజీ ఎక్కి బొకే తీసుకున్నది. నా కండ్ల ముందలనే. అందరు లేచి చప్పట్లు కొట్టిన్రు. నేనొక్కదాన్నే కూసున్న. ఏడుపొచ్చింది, చీర కొంగుతోని తుడుచుకున్న. ఒక్క పేరు. గంత పెద్ద హాల్ల నా పేరుకు ఒక్క క్షణం జాగ లేకపాయె అని ఇల్లు చేరేదాక బస్సుల అదే రంధి.

గురువారం పొద్దుగాల చూస్తే ఆఖరి షోకు పెండ్లికూతురు జాకెట్టు ఒకటి మిగిలి ఉన్నది. ముదురు కుంకుమ రంగు పట్టు. మగ్గం పనంతా అప్పటికే అయిపోయింది, కత్తిరించి కుట్టుడే బాకీ. కానీ ఆది రాలేదు. కొత్త జాకెట్టు కుట్టియ్యాలంటే, ఒంటికి మంచిగ సరిపోయే పాత జాకెట్టు ఒకటి కొలతకు తెచ్చిస్తరు గదా, దాన్నే ఆది అంటం. ఆది లేకుంట నేను కత్తెర ముట్టను. మేడంకు ఫోన్ చేసిన. "మోడల్ హైదరాబాద్ నుంచి వస్తుంది అక్కా. ఏదో నీ అందాజ మీద కుట్టెయ్" అని పెట్టేసింది. ఇంకో రెండుసార్లు చేస్తే ఎత్తనే లేదు.

నా అందాజనా? మంచిది. ఇరవై ఏండ్ల సంది ఊరందరికి కుట్టిన గానీ, మగ్గం జాకెట్టు నాకోసం ఒక్కటి కుట్టుకోలే. బీరువా తెరిచి నా జాకెట్టే తీసి ఆ పట్టు మీద పరిచిన. సుద్దతోని గీత గీసి, కర్రుమని కత్తిరించిన. కావాలనే కత్తిరించిన. ఎవరన్న తప్పంటే అననీ.

మా అత్త గడప కాడ నిలబడి చూస్తున్నది. "గంత మంచిది, ఎవలదే?" అన్నది.

"నాదే" అన్న.

శనివారం మా ఊరి ఫంక్షన్ హాలు కిటకిట. మా గల్లీ ఆడోళ్లంతా వచ్చిన్రు. "ఆ ర్యాంపేందో సూస్త" అని మా అత్త గూడ వచ్చి రెండో వరుసల కూసున్నది. నేను తెర వెనకాల ఉన్న, పిన్నులు, సూదిదారం పట్టుకొని. హైదరాబాద్ మోడల్ వచ్చింది. పాపం మంచి పిల్ల, జొన్నకట్టె లెక్క సన్నగ. ఆ కుంకుమ జాకెట్టు వేస్తే భుజాల మీదికెల్లి జారి మోచేతుల కాడికొచ్చింది.

మేడం నెత్తి పట్టుకున్నది. "పిన్నులు పెట్టు అక్కా, జల్దీ!"

"పిన్ను గుచ్చితే జరీ తెగుతది. నేను పెట్ట."

"మరి ఎవరికి సరిపోతది ఇది?"

"నాకు" అన్న.

మేడం నన్ను కిందికెల్లి మీది దాక చూసింది. నలభై నాలుగేండ్లు, నలుపు, లావు నడుము. ఆ చూపు నాకు కొత్త గాదు. నేను గూడ అట్లనే ఆమె కండ్లల్లకు చూసిన, రెప్ప వెయ్యకుంట. ఇంతల షాపు ఓనరు తెర తీసి, "ఏందమ్మా, ఇంకెంతసేపు? జనం లేస్తున్రు!" అని కేకేసిండు. మేడంకు వేరే దారి లేకపాయె.

ఆ జాకెట్టేసుకొని పెండ్లికూతురు చీర కట్టుకున్న. ఎత్తు చెప్పులిచ్చిన్రు, వద్దన్న. ఆ మోడల్ పిల్లనే నా కుచ్చిళ్లు సవరించి, "ఆంటీ, ఒకే గీత మీద నడవాలి, అడుగు ముందు అడుగు. కిందికి చూడొద్దు" అని నేర్పబోయింది. నాకు నవ్వొచ్చింది. నా చిన్నతనమంతా అదే నడక గదమ్మా! నెత్తి మీద నీళ్లు కారే నారు కట్ట, కింద జానెడు వెడల్పు పొలం గట్టు, అటు బురద, ఇటు బురద. అడుగు ముందు అడుగే పడాలె. కిందికి చూసినవా, జారినవే. దూరం చూసుకుంట, నడుము నిటారుగ పెట్టి నడిస్తేనే కట్ట పడదు. మా అమ్మ నేర్పింది.

పాట మొదలైంది. లైట్లు కండ్లల్ల కొట్టినయ్. వట్టి కాళ్లతోని ఆ బల్ల మీదికి అడుగుపెట్టిన. నెత్తి మీద నారు కట్ట ఉన్నదనుకున్న, గంతే. సగం దూరం పోయినంక మా గల్లీ ఆడామె ఎవరో గుర్తుపట్టి, "ఓ మన అక్కనే!" అని అరిచింది. ఇగ చూడు, ఈలలు, చప్పట్లు, కుర్చీలు జరిపిన సప్పుడు. ఒళ్లంతా జల్లుమన్నది. చివర కాడ ఆగి, వెనక్కి తిరిగి, వీపు మీద కుట్టిన వరి కంకులు అందరికి కనపడేటట్టు నిలబడ్డ. రాజసం అంటే ఏందో నాకు తెల్వదు గానీ, గదే అయ్యుంటది.

అప్పుడే యాంకరమ్మ చీటీ చూసి, "ఈ అందమైన బ్లౌజు మా హైదరాబాద్..." అని షురూ చేసింది. నేను అదే నడకతోని సీదా ఆమె దగ్గరికి పోయి చెయ్యి చాపిన. ఆ పిల్ల బిత్తరపోయి మైకిచ్చేసింది.

"హైదరాబాద్ గాదు. నేను కుట్టిన" అన్న. నా గొంతు హాలంతా తిరిగి మళ్లా నాకే వినబడ్డది. "కోదాడల, మిర్యాలగూడల, గీడ, మీరు చూసిన ప్రతి జాకెట్టు సూర్యాపేటల మా ఇంటి ముందర గదిల కుట్టిన." అని నా పేరు చెప్పిన. ఇంటిపేరుతో సహా. గల్లీ పేరు గూడ చెప్పిన, ఎవరికన్న తొవ్వ తెల్వకపోతే కష్టమని. జనం నవ్విన్రు, మళ్లా లేచి చప్పట్లు కొట్టిన్రు. మేడం గూడ కొట్టింది, కొట్టక ఏం చేస్తది?

దిగినంక ఆమె దగ్గరికొచ్చి, "సారీ అక్కా. దసరాకు ఇంకో షో ఉంది, నువ్వే కుట్టాలి" అన్నది. "కుడ్త మేడం. ముందుగాల ఆది పంపు, చీటీల నా పేరు రాసి పంపు" అన్న. డిన్నర్ల డబల్ కా మీఠా పెట్టిన్రు. ఆ పూట కోపం లేదు, అయినా రెండు గిన్నెలు తిన్న.

తెల్లారి ఎనిమిది గాకముందే మిర్యాలగూడ మిల్లామె ఫోన్. "అక్కా, నిన్నటి షో వీడియో చూసిన. మావోళ్లందరికి చెప్పిన, నాకు గూడ నువ్వే కుడ్తవని!" "అవునా అమ్మా, హైదరాబాద్ ఖతమైందా?" అంటే కిలకిల నవ్వింది.

చాయ్ తాగినంక నేను మిషిన్ మీద గుడ్డ తీస్తుంటే మా అత్త వచ్చి ముందర నిలబడ్డది. చేతుల ముసలి టైలర్ దగ్గరికి తీసుకపోయే సంచి. అందులకెల్లి కొత్త జాకెట్టు గుడ్డ తీసి మిషిన్ మీద పెట్టింది. దాని మీద, ఉతికి ఉతికి రంగు పోయిన తన పాత జాకెట్టు ఒకటి మడత పెట్టి పెట్టింది.

"ఇగో ఆది" అన్నది. "సంకల కాడ జర లూజు పెట్టు. వీపు మీద ఆ వరి కంకులు గూడ ఒక రెండు ఎయ్యి."

ఆ పాత జాకెట్టును చేతులల్ల పట్టుకొని, ఏదో ఒకటి అనాలె గదా అని అన్న: "మరి ఎవరన్న యాడ కుట్టించినవ్ అంటే ఏం చెప్తవ్ అత్తా?"

"ఏం చెప్త?" అన్నది మా అత్త, అదేం అడుగుడు అన్నట్టు. "మా సోకులది కుట్టిందని చెప్త."