నాయన మీసానికి జేజి వైద్యం

ఓర్వకల్లు దాటాక మా ఊళ్లో ఎవరైనా మా ఇంటికి దారి అడిగితే "మీసాలాయన ఇల్లా?" అంటారు. మా నాయన మీసం అంత పేరున్నది. నా పెళ్లికి నెలన్నర ఉందనగా ఆ మీసంలో ఎడమవైపు చింతగింజంత మేర వెంట్రుకలు రాలిపోయి, నున్నటి చర్మం బయటపడింది. పేనుకొరుకుడు. ఆ రోజు నుంచి నాయన మూతికి టవల్ చుట్టుకుని, అడిగినవాళ్లకల్లా పంటినొప్పి అని చెప్పుకుంటూ తిరిగాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. "ఈ మూతితో నేను పీటల మీద కూర్చోను. కన్యాదానం చిన్నాయనతో చేపిచ్చుకోండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు వెంట్రుకల కోసం కూతురి పెళ్లి వదులుకుంటాడా మనిషి! మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో రోజు గట్టిగా ఏడ్చాను.

ఆ ఏడుపు జేజి విన్నది. జేజి అంటే నాయన తల్లి; తాత పోయి చాలా ఏళ్లయింది. "దీనికి మందు నా చేతిలో ఉండాది. ఊరికే యాడుస్తావేందే?" అంటూ పెరట్లోని ఎర్రమందారం తెంపుకొచ్చింది. పొద్దున్నే ఆ పువ్వుతో చర్మం ఎర్రబడేదాకా రుద్దేది. సాయంత్రం గుంటగలగరాకు రసం పోసి కాచిన నూనె పట్టించేది. నాయన కళ్లు మూసుకుని పసిపిల్లాడిలా మూతి చాచేవాడు. రెండు వారాలైనా ఒక్క వెంట్రుకా మొలవలేదు. "ఇత్తనమేసిన మర్నాడే కోతకు పోతారేమప్పా?" అని జేజి ఆయననే కసిరేది.

నాయనకు అంత ఓపిక ఎక్కడిది! మొత్తం తీసేస్తే సమంగా వస్తుందని ఎవరో చెబితే, కర్నూలు పోయి మీసం నున్నగా గీయించేశాడు. వచ్చేటప్పుడు ఎండకు టవల్ తలకు చుట్టుకుని బస్సెక్కాడు.

మీసం తీసిన మగవాడు కనబడితే మా వైపు ఒకటే అర్థం: అమ్మో నాయనో పోయారని. తలకు టవల్ కూడా ఉంటే, దాని కింద గుండు ఉందనే అనుకుంటారు. జేజి చెల్లెలి ఊరివాళ్లు ఎవరో ఆయనను బస్సులో చూశారు. పొద్దు వాలకముందే చిన్నజేజి మా వాకిట్లో ఆటో దిగి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, "కర్మాంతరం గూడా అయిపాయనా! నాకొక్క మాట చెప్పకపోతిరే!" అని శోకాలు పెడుతూ వచ్చింది.

జేజి అప్పుడు వసారాలో ఆకు నూరుతోంది. చెల్లెలి ఏడుపు చూసి తట్టుకోలేక, ఆమెను వాటేసుకుని తానూ రాగం ఎత్తుకుంది. ఇద్దరూ కాసేపు కరువుదీరా ఏడ్చాక జేజి అడిగింది.

"ఇంతకూ ఎవురు పోయినారే?"

చిన్నజేజి కొంగు తీసి చూసి నోరు తెరిచింది. "నువ్వే గదక్కా!"

వీధి వీధంతా పడీపడీ నవ్వింది. నాయన ఒక్కడే నవ్వలేదు. జేజి కాళ్ల దగ్గర కూర్చుని, "మీసం కోసం నిన్ను సంపినంత పని చేస్తిని గదమ్మా" అన్నాడు. జేజి పసరు చేత్తోనే ఆయన మూతి నిమిరింది. "పోయిందని పుకారు పుడితే ఆయుసు పెరుగుతాదంట లేరా. మొగం ఇట్ల తిప్పు, మందు ఆరిపోతాది."

ఆ మర్నాటి నుంచి వైద్యమంతా వసారాలో, అందరి ముందే. టవల్ మళ్లీ మూతికెక్కలేదు. పెళ్లినాటికి మీసం పొట్టిగా మొలిచింది, రాలినచోట మాత్రం తెల్లగా. మందుకు మొలిచిందో, దానంతటదే మొలిచిందో నాకు తెలియదు. ఆ మాట జేజి ముందు అనే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

నాయన పీటల మీద కూర్చున్నాడు. సంతోషం పట్టలేక, పురోహితుడు కసురుతున్నా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత ఫొటోలాయన వచ్చి, ఆల్బంలో ఆ తెలుపును నల్లగా చేసిస్తానన్నాడు.

"వద్దప్పా, అట్లే ఉండనీ" అన్నాడు నాయన. "ఆ మీసముంటే మాయమ్మ ఉండాదని లెక్క."

ఆ ఫొటోలో అందరం కెమెరా వైపు చూస్తున్నాం. జేజి ఒక్కతే నాయన మూతి వైపు చూస్తోంది.