బావకిచ్చిన ఊపిరి

ఇస్తారికి అలారం అక్కర్లేదు. భయమే లేపుతుంది. మస్కట్‌లోని అల్ హైల్ క్యాంపు రూమ్‌లో తక్కిన ఐదుగురూ ఇంకా గుర్రు పెడుతుండగానే అతను లేచి, ముఖం కడుక్కుని, చెప్పుల చప్పుడు కాకుండా యార్డులోకి నడుస్తాడు. అప్పుడప్పుడే తెల్లవారుతుంటుంది. కంపెనీ బస్సు పక్కన బావ భూమేశ్ సిగరెట్ కాలుస్తూ నిలబడి ఉంటాడు.

“రా బామ్మర్ది, జర జల్ది. అందరొస్తరు మల్ల.”

ఇస్తారి డ్రైవర్ సీట్లోకి ఎక్కుతాడు. స్టీరింగ్ పక్కన ఒక నల్లటి మిషన్, దానికి మెలికల తీగ, తీగ చివర చేతిలో పట్టేంత డబ్బా, దానికో గొట్టం. ఆ గొట్టంలో ఆరు సెకన్లు ఆగకుండా ఊదాలి. ఊపిరిలో మందు లేకపోతే పచ్చ లైటు వెలిగి బండి స్టార్ట్ అవుతుంది. ఉంటే ఎర్ర లైటే. ఇక తాళం ఎంత తిప్పినా ఇంజన్ ఉలకదు, పలకదు. ఇస్తారి డ్రైవరు కాదు, సైట్లో కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్. అతనికి సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు. అయినా నాలుగు నెలలుగా ఆ బస్సు కదిలేది అతని ఊపిరితోనే.

మిషన్ వచ్చింది భూమేశ్ పుణ్యమే. కిందటేడు అల్ మవాలే సిగ్నల్ దగ్గర తాగి ముందు కారును గుద్దాడు. జైలు అయింది, జరిమానా అయింది, లైసెన్సు కొన్నాళ్లు పోయింది. తిరిగొచ్చాక కంపెనీ ఒక షరతు పెట్టింది. ఒకసారి తాగి దొరికినవాడు ఊదకుండా మా బండి తీయకూడదు అని. మొదటి నెల భూమేశ్ బుద్ధిగానే ఉన్నాడు. రెండో నెల ఒక పొద్దున ఎర్ర లైటు వెలిగింది. పరుగున వచ్చి బామ్మర్దిని లేపాడు. “ఒక్కసారి, గీ ఒక్కసారే,” అన్నాడు. మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అన్నారా? ఆ ఒక్కసారి రోజూ వస్తూనే ఉంది.

ఇస్తారి ఎందుకు కాదనలేకపోయాడో చెప్పాలంటే అతని చెల్లెలు కవిత పెళ్లి దాకా వెళ్లాలి. తండ్రి లేడు కాబట్టి పళ్లెంలో భూమేశ్ కాళ్లు పెట్టించుకుని కడిగినవాడు ఇస్తారే. వాళ్ల మెట్‌పల్లి వైపు కాళ్లు కడిగి పిల్లనిచ్చిన చోట కాదనే మాట నోట రాదు. పైగా మస్కట్ వీసా ఇప్పించింది కూడా ఆ బావే.

తండ్రి ఎలా పోయాడన్నది ఇస్తారి ఎవరికీ చెప్పడు. అతనికప్పుడు పదిహేడేళ్లు, కవితకు పదకొండు. ముగ్గురూ ఎడ్లబండి మీద అంగడి నుంచి వస్తుంటే తండ్రి కల్లు మండువ దగ్గర ఆగి కడుపు నిండా పట్టించాడు. బయటికొచ్చి, “ఇయ్యిరా పగ్గాలు, ఎడ్లకు తొవ్వ తెల్వదా?” అన్నాడు. ఇస్తారి ఇచ్చేశాడు. కాలువ మోరీ దగ్గర బండి బోర్లాపడింది. తండ్రి చక్రం కింద పోయాడు. కవిత చెయ్యి విరిగి, ఇప్పటికీ వంకరగానే ఉంది. కర్మల నాడు మోదుగాకు డొప్పలో కల్లు పోయబోతే ఇస్తారి డొప్ప తిప్పి పెట్టాడు. ఆనాటి నుంచి ముట్టలేదు. పెళ్లిలో, చావులో, బోనాల్లో అందరూ తాగుతుంటే ఇతను సోడా సీసా పట్టుకుని కూర్చునేవాడు. “నువ్వు మొగోనివేనారా?” అని చుట్టాలు నవ్వేవాళ్లు. ఇప్పుడు భూమేశ్ మాత్రం నవ్వడు. “నీ ఊపిరి బంగారం రా బామ్మర్ది,” అంటాడు. ఆ మెప్పు కన్నా చుట్టాల నవ్వే నయమనిపిస్తుంది ఇస్తారికి.

మిషన్‌తో ఇంకో తంటా ఉంది. బండి నడుస్తుండగా అది ఎప్పుడంటే అప్పుడు మళ్లీ కీచుమంటుంది. ఆరు నిమిషాల్లో ఊదకపోతే ఇంజన్ ఆపేదాకా హారన్ మోగుతూనే ఉంటుంది, ఆఫీసులో రికార్డు పడుతుంది. అందుకే ఇస్తారి డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుంటాడు. సిగ్నల్ దగ్గర భూమేశ్ డబ్బాను భుజం మీదుగా వెనక్కి ఇస్తాడు, ఇతను వంగి ఊదుతాడు. బస్సులోని వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అందరూ కిటికీలోంచి బయటికి చూస్తారు.

అల్ మవాలేలో పని నడిచినన్నాళ్లూ రోడ్డు చదునే కాబట్టి గడిచిపోయింది. ఆ వారం సైట్ అల్ అమెరాత్‌కు మారింది. దారిలో కొండ ఎక్కి దిగాలి. మొదటి మూడు రోజులూ మిషన్ కొండ మీద కీచుమనలేదు. ఇస్తారి అంజన్నకు దండం పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున భూమేశ్ చేతిలోంచి తాళం చెవి రెండుసార్లు జారి పడింది. ముందురోజు క్యాంపులో ఎవరో ఊరికి పోతున్నారని విందు చేసుకున్నారు.

“బావా, ఇయ్యాల పానం బాలేదని చెప్పరాదు?”

“పిచ్చి మాటలు మాట్లాడకు. పదేండ్ల సంది తోల్తున్న. నా చేతులకు తొవ్వ తెల్వదా? ఊదు.”

ఆ మాట ఇస్తారి ఇంతకుముందు తండ్రి నోట విన్నాడు. విని కూడా ఊదాడు. పచ్చ లైటు వెలిగింది. ఇరవై రెండు మంది టిఫిన్ డబ్బాలతో ఎక్కారు. తలుపు పక్క సీట్లో ఫోర్‌మన్ అనీస్ కూర్చున్నాడు. కడప మనిషి.

కొండ ఎక్కారు. దిగడం మొదలైంది. ఒక పక్క రాతిగోడ, ఒక పక్క ఇనుప రెయిలింగ్, దాని అవతల ఏమీ లేదు. మూడో మలుపులో మిషన్ కీచుమంది.

భూమేశ్ అలవాటుగా డబ్బా అందుకుని, తల తిప్పి, చెయ్యి వెనక్కి చాచాడు. స్టీరింగ్ మీద ఒక్క చెయ్యే మిగిలింది. బస్సు మెల్లగా కుడికి జరిగింది. టైర్ల కింద కంకర కరకరలాడింది. కిటికీ నిండా రెయిలింగే.

“యా అల్లా! ముందుకు చూడు!” అని అరిచాడు అనీస్.

భూమేశ్ ఒక్కసారిగా తిప్పాడు. బస్సు ఊగి, మళ్లీ రోడ్డు మీదికొచ్చింది. వెనక టిఫిన్ డబ్బాలు దొర్లాయి. డబ్బా మాత్రం ఇస్తారి చేతిలో ఉంది, కీచుమంటూనే ఉంది.

“ఊదు!”

“పక్కకు తీసి ఆపు బావా.”

“ఆపితే నా బతుకాగుతది. ఊదురా! చెల్లె మొఖం చూసి ఊదు!”

ఇస్తారికి అన్నింటికీ భయం వేసింది. లోయంటే భయం, బావంటే భయం. ఇన్నాళ్లూ మోసం చేసినందుకు తననూ జైల్లో వేస్తారని భయం. చెల్లెలికి ఏం చెప్పాలన్నది అన్నింటికన్నా పెద్ద భయం. గొట్టం పెదవుల దాకా వచ్చింది. అప్పుడు చెల్లెలి ముఖం కాదు, ఆమె వంకర చెయ్యి గుర్తొచ్చింది. నోరు బిగించి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

“ఊద,” అని తల అడ్డంగా ఊపాడు.

భూమేశ్ తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. బస్సులో ఈసారి ఎవరూ కిటికీలోంచి బయటికి చూడలేదు. ఆరు నిమిషాలు గడిచాయి. హారన్ మొదలైంది, లైట్లు టపటపా కొట్టుకున్నాయి. పక్కనుంచి పోయే కార్లవాళ్లు తలలు తిప్పి చూశారు. కొండ పాదం దగ్గర బండ్లు ఆపుకునే జాగాలో భూమేశ్ బస్సు నిలిపి, ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

అనీస్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. తర్వాత దగ్గరికొచ్చి అడిగాడు. “రోజూ ఊదింది ఎవరప్పా?”

“నేనే సాబ్.”

“నాకు తెలీదా భాయ్. నేనూ చూసీ చూడనట్టుంటి,” అని అనీస్ తల దించుకున్నాడు.

ఇంకో డ్రైవర్ వచ్చి వాళ్లను సైట్‌కు చేర్చాడు. భూమేశ్‌ను ఇంటికి పంపించేస్తారని మధ్యాహ్నానికే తెలిసిపోయింది. ఇస్తారి సంగతి ఆదివారం చూస్తామన్నారు. అన్నం డబ్బా మూత తీయకుండానే అతను కవితకు ఫోన్ కలిపాడు. దాచకుండా అంతా చెప్పాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు, శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు. ఆమె ముందు ఒక లెక్క అడిగింది.

“బస్సుల ఎంతమందుండిరన్నా?”

“ఇరవై రెండు మంది. నేను, మీ ఆయన కాక.”

“ఇయ్యాల ఊదకపోతివి, మంచిగనే చేసినవ్. మరి గీ నాలుగు నెల్లు ఎట్ల ఊదినవన్నా?”

“నాయినకు పగ్గాలిచ్చినట్టే ఇచ్చిన చెల్లె,” అన్నాడు ఇస్తారి.