గంగారాం సార్ ఆఖరి ప్లాను

మా సంపాదకులు గంగారాం సార్ ఇక లేరన్న ఒక్క వాక్యం రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ పార్థివదేహాన్ని మొదట చూసింది నేనే. అయినా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఆర్మూర్‌లో పసుపు మార్కెట్ వెనక అద్దెగదిలో ఒంటరిగా ఉంటూ, ప్లాస్టిక్ ఇటుకలతో బొమ్మలు కట్టే పిల్లల కోసం ‘ఇటుకల పెట్టె’ అనే మాసపత్రిక నడిపారు. తండ్రులు దుబాయి నుంచి తెచ్చిన ఇటుకల డబ్బాలు చాలా ఇళ్లలో ఉండేవి. వాటితో పోచంపాడ్ డ్యామ్ గేట్లు, పసుపు ఉడికించే కడాయి ఎలా కట్టాలో చెప్పింది మాత్రం సారే.

సహాయ సంపాదకురాలినని పేరే గానీ, నా అసలు పని వేరు. ఆయన గీసిన ప్రతి ప్లానునూ అచ్చుకు ముందు, అదేమిటో తెలియకుండా, పేజీ వెంట పేజీ చూస్తూ నేను కట్టాలి. ఆయన ఎదురుగా మౌనంగా కూర్చునేవారు. నేను తడబడితే నొచ్చుకునేది ఆయనే.

“నీ చెయ్యి ఆగిందంటే తప్పు నాది బిడ్డా. పిల్లగాండ్ల ఇండ్లల్ల నేనుంటనా, అడగనీకి?” అంటూ ఆ పేజీ చించి మళ్లీ గీసేవారు. ఒకసారి ఎడ్లబండి దగ్గర విసుగొచ్చి, అర్థమైందని అబద్ధమాడాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు మహానుభావుడు.

పోవడానికి ముందురోజు మధ్యాహ్నం ఫోన్ చేశారు.

“కొత్త ప్లాన్ అయింది. జర ఇయ్యాలనే వచ్చి కడ్తవా?”

ఎన్నడూ తొందరపెట్టని మనిషి. నేను వేల్పూర్‌లో చుట్టాలింట్లో ఉన్నాను. “రేపు పొద్దుగాల వస్త సార్,” అన్నాను.

“మంచిది, నిమ్మలంగ రా.”

పొద్దున వెళ్లేసరికి మంచం పక్కన నేలమీద పడి ఉన్నారు, కుడిచెయ్యి తలుపు వైపు చాచి. గుండెపోటన్నారు.

అంత్యక్రియలు ముగిశాక ఆ గదిలోనే కూర్చుని ప్లాను కట్టాను. గోడలు లేచాయి, కిటికీ, మంచం వచ్చాయి. ఎక్కడా చెయ్యి ఆగలేదు. తర్వాతి పేజీలో ఒక మనిషిబొమ్మను మంచం పక్కన నేలమీద పడుకోబెట్టమని ఉంది, కుడిచెయ్యి తలుపు వైపు. చివరి పేజీలో గడప అవతల ఒక ఆడబొమ్మ, భుజాన ఎర్ర సంచి. నా సంచి ఎరుపే.

సంచిక కోసం పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఇది వాళ్లకెలా ఇవ్వను? మనిషిని లేపి కూర్చోబెట్టే పేజీ ఒక్కటి నేనే చేర్చాలనుకున్నాను. రోజూ సాయంత్రం బొమ్మను మంచం మీద కూర్చోబెట్టి, గదికి తాళం వేసి వెళ్తున్నాను. తెల్లారి తలుపు తీస్తే నేలమీదే ఉంటోంది.

సార్, మీ పాదాలకు నమస్కారం. ఆ పేజీ గీయడం నాకు చేతకావడం లేదు. నేను ఆ రోజే రావలసింది.